కలపా కావాలి, వేటా సాగాలి: బ్రిటన్ ఎస్టేట్లలో ఫారెస్టర్ కొలువు

ఫారెస్ట్రీ చదివితే మన దగ్గర అటవీశాఖ, పరిశోధన, పేపర్ మిల్లుల ప్లాంటేషన్లు గుర్తొస్తాయి. బ్రిటన్‌లో వీటికి తోడు ప్రైవేటు ఎస్టేట్లున్నాయి. అక్కడ చాలాచోట్ల ఒకే అడవి నుంచి కలపా రావాలి, ఫెజెంట్ పక్షుల వేటా సాగాలి. చెట్ల బాధ్యత ఫారెస్టర్‌ది, పక్షుల బాధ్యత గేమ్‌కీపర్‌ది. ఇద్దరికీ పొసగాలంటే ఫారెస్టర్‌కు చెట్లతోపాటు తేదీలూ తెలియాలి.

చిక్కు ఎక్కడ?

ఫెజెంట్ వేట అక్టోబరు 1న మొదలై ఫిబ్రవరి 1తో ముగుస్తుంది. మొక్కలు నాటే కాలం నవంబరు నుంచి మార్చి దాకా. అంటే రెండూ ఒకేసారి నడుస్తాయి. మార్చి నుంచి ఆగస్టు వరకు పక్షులు గూళ్లు పెడతాయి. వాడుకలో ఉన్న గూటిని కావాలని పాడుచేస్తే 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. ఇక జులై, ఆగస్టుల్లో గేమ్‌కీపర్ ఫెజెంట్ పిల్లలను అడవిలో కంచె కట్టిన చోట వదులుతాడు. పక్కనే రంపం మోగితే అవి బెదిరి చెదిరిపోతాయి. ఇవన్నీ తీసేస్తే అడవి పనులకు మిగిలేది ముఖ్యంగా ఫిబ్రవరి. అప్పుడేమో నేలంతా బురద, బండ్లు దిగబడతాయి.

పని ఎలా నడుస్తుంది?

అడవిని కంపార్ట్‌మెంట్లుగా విడగొడతారు. పక్షులను తుపాకుల వైపు తోలే ‘డ్రైవ్’లకు దూరంగా ఉన్నవాటిలో చలికాలంలోనే నరుకుతారు. డ్రైవ్‌లున్నవాటిని వేట ముగిశాక ముట్టుకుంటారు. ఇంగ్లండ్‌లో కొద్దిపాటి నరుకుడు మినహా మిగతా వాటికి ఫారెస్ట్రీ కమిషన్ ఇచ్చే ఫెల్లింగ్ లైసెన్స్ ఉండాలి. అందుకే దరఖాస్తు ముందే పెట్టుకోవాలి.

ఇద్దరికీ లాభించే పనులూ ఉన్నాయి. ఒత్తుగా పెరిగిన చెట్లను పలుచన చేస్తే మిగిలినవి లావెక్కుతాయి. కిందికి ఎండ తగిలి పొదలు పెరుగుతాయి, పక్షులు నిలుస్తాయి. లేత మొక్కలను కొరికే జింకలను గేమ్‌కీపర్ అదుపులో ఉంచితే ఫారెస్టర్‌కు మేలు. అయితే పక్షులు కిక్కిరిస్తే నేల పాడవుతుంది. అందుకే కంచెలో హెక్టారుకు 1,000కి మించి వదలొద్దని గేమ్ అండ్ వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ ట్రస్ట్ సూచిస్తోంది. పాతకాలపు సహజ అడవుల్లో ఈ హద్దు 700.

ఏం చదవాలి?

బ్యాంగర్ విశ్వవిద్యాలయంలో, కంబ్రియా విశ్వవిద్యాలయపు నేషనల్ స్కూల్ ఆఫ్ ఫారెస్ట్రీలో ఫారెస్ట్రీ కోర్సులున్నాయి. డిగ్రీతోపాటు చైన్‌సా సర్టిఫికెట్, డీర్ స్టాకింగ్ (జింకల వేట) సర్టిఫికెట్ ఉంటే విలువ పెరుగుతుంది. అనుభవం వచ్చాక ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ ఫారెస్టర్స్ గుర్తింపునకు ప్రయత్నించవచ్చు.

మన విద్యార్థులకు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల మన దేశంలో సరదా వేటకు తావు లేదు. కాబట్టి గేమ్‌కీపింగ్ అనుభవం ఇక్కడ దొరకదు. మన బలం ఫారెస్ట్రీయే. సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలోనో, దేహ్రాదూన్‌లోనో చదివి, పీజీకి బ్రిటన్ వెళ్లొచ్చు. ఫీజు కట్టకముందే వీసా నిబంధనలు చదవండి. స్కిల్డ్ వర్కర్ వీసాకు ఉద్యోగమిచ్చేవారి దగ్గర స్పాన్సర్ లైసెన్స్ ఉండాలి.

వేటంటే మనసొప్పకపోతే ఈ కొలువు జోలికి పోవద్దు. ఫారెస్ట్రీ ఇంగ్లండ్, వుడ్‌ల్యాండ్ ట్రస్ట్ లాంటి సంస్థలను చూసుకోండి. ఒప్పితే మాత్రం అక్కడ చదివేటప్పుడే వీసా అనుమతి మేరకు ఒకట్రెండు రోజులు పక్షులను తోలే బీటర్‌గా వెళ్లండి. ఫలానా పొద నరకొద్దని గేమ్‌కీపర్ ఎందుకు పట్టుబడతాడో అక్కడ తెలుస్తుంది. నవంబరులో కలప లారీ, వేట ఒకేరోజు పడితే ఏం చేస్తారని ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోరు.