తరంగాల తగవు

సాయంకాలం ఏడుగంటల వేళ. హాలులో అన్నయ్య గేమ్ కన్సోల్ ముందు కూర్చుని కారు పందెం ఆడుతున్నాడు. పక్క గదిలో చెల్లెలు వై-ఫై సాయంతో కంప్యూటరులో పాఠం వింటున్నది. వంటింట్లో తండ్రి మధ్యాహ్నం మిగిలిన కూరను మైక్రోవేవ్ పొయ్యిలో పెట్టి మీట నొక్కాడు. ఆ క్షణంలోనే తెరమీది కారు మలుపు తిరగక గోడను ఢీకొన్నది. పక్క గదిలో ఉపాధ్యాయుని మాట ముక్కలు ముక్కలయింది. అన్నయ్య తన చేతిలోని కంట్రోలరును తిట్టుకున్నాడు. చెల్లెలు అన్నయ్య ఆటను తప్పుపట్టింది. తల్లి ఇంటర్నెట్ సంస్థవారికి ఫోను చేసి నిలదీసింది. రెండు నిమిషాల తర్వాత పొయ్యి గంట మోగింది. అన్నీ యథాస్థితికి వచ్చాయి. కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

నిజానికి ఈ తగవులో పాల్గొన్న పరికరాలన్నీ ఒకే దారిన నడిచేవి. ఆ దారి కంటికి కనిపించదు. రేడియో తరంగాలలో సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు కంపించే వాటికి కేటాయించిన సన్నని పట్టీ అది. శాస్త్రపరిభాషలో చెప్పాలంటే 2.4 గిగాహెర్ట్జ్ నుండి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాల పట్టీ. దీని వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఈ ఇరుకుసందులోనే వై-ఫై, బ్లూటూత్, గేమ్ కంట్రోలర్లు, తీగలేని కీబోర్డులు, మౌసులు, చెవులకు తగిలించుకొనే హెడ్‌ఫోన్లు అన్నీ సంచరిస్తాయి. ఒకదాని సంకేతం మరొకదాని సంకేతంపై పడినప్పుడు స్వీకరించే యంత్రానికి ఏది తనదో, ఏది పరాయిదో తెలియదు. దీనినే రేడియో అంతరాయం అంటారు. భౌతికశాస్త్రంలో విద్యార్థులు చదువుకొనే వ్యతికరణానికి దీనితో చుట్టరికం ఉన్నది కాని, రెండూ ఒకటి కావు. వ్యతికరణం తరంగాల స్వభావం. అంతరాయం దానివల్ల, పరాయి రొదవల్ల వినికిడికి కలిగే హాని.

ఇన్ని పరికరాలు పనిగట్టుకొని ఒకేచోటికి ఎందుకు చేరాయి? ఇందుకు సమాధానం కొంత విచిత్రమైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ల కోసం మాగ్నెట్రాన్ అనే నాళికలు తయారుచేసేవారు. అమెరికాలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు 1945లో అటువంటి యంత్రం పక్కన నిలబడగా, జేబులోని మిఠాయి కరిగిపోయింది. మైక్రోవేవ్ పొయ్యికి అదే నాంది. 1947లో అట్లాంటిక్ సిటీ నగరంలో జరిగిన అంతర్జాతీయ రేడియో సమావేశం, వేడిచేయడం వంటి పారిశ్రామిక, వైజ్ఞానిక, వైద్య అవసరాలకు కొన్ని పట్టీలను విడిచిపెట్టింది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ వాటిలో ఒకటి. నీటి అణువులు సరిగ్గా ఈ పౌనఃపున్యం వద్దనే అనునాదం చెందుతాయని, అందుకే పొయ్యికి దీనిని ఎన్నుకొన్నారని చాలామంది చెబుతుంటారు. అది పొరపాటు. నీరు ఇంకా ఎన్నో పౌనఃపున్యాలను శోషించుకొని వేడెక్కగలదు. ఈ పట్టీని వాడుకోవడానికి అనుమతి ఉన్నది, అంతే.

పొయ్యిల రొద నిండిన చోట మాటలు ఎవరు మాట్లాడుకొంటారు? అందువల్ల చాలాకాలం ఈ పట్టీని సమాచార ప్రసారానికి పనికిరాని బీడుగా చూశారు. 1985లో అమెరికా ప్రభుత్వం ఈ బీడులో, తక్కువ శక్తితో, లైసెన్సు లేకుండా సంకేతాలు పంపుకోవచ్చునని ప్రకటించింది. ఇతర దేశాలు కూడా క్రమంగా ఆ బాట పట్టాయి. మన దేశంలో 2005 జనవరిలో వెలువడిన నియమాలు ఈ పట్టీకి లైసెన్సు అవసరం లేకుండా చేశాయి. అయితే ఆ స్వేచ్ఛ వెంట ఒక షరతు ఉన్నది. ఇందులో సంచరించే పరికరం ఇతరులకు అంతరాయం కలిగించరాదు. ఇతరులవల్ల తనకు అంతరాయం కలిగితే రక్షణ కోరరాదు. పట్టీ నాదే అనరాదు. ఊరి ఉమ్మడి చెరువుకు, సొంత బావికి ఉన్న తేడా ఇదే. రేడియో కేంద్రానికి తన పౌనఃపున్యం సొంత బావి వంటిది. అందులో మరొకరు చేద వేస్తే చట్టం అడ్డుకుంటుంది. మన ఇంట్లోని కంట్రోలరుకు ఆ భాగ్యం లేదు.

ఉమ్మడి సొత్తును వాడుకొనేటప్పుడు కొంత మర్యాద పాటించక తప్పదు. వై-ఫై పాటించే మర్యాద ముందు విని, తర్వాత మాట్లాడటం. మరొకరి సంకేతం వినవస్తుంటే అది ఆగుతుంది. నిశ్శబ్దం ఏర్పడిన తర్వాత కూడా కొన్ని మైక్రోసెకన్లు, లెక్క తప్పించి, అటూ ఇటూగా వేచి అప్పుడు పలుకుతుంది. ఇద్దరూ ఒకేసారి నోరు తెరవకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. మన దేశంలో వై-ఫై కోసం ఈ పట్టీని 13 చానళ్లుగా లెక్కిస్తారు. ఆ లెక్క చూసి విశాలమైన చోటు అనుకోరాదు. ఒక్కొక్క చానలు కేంద్రానికి, దాని పక్క చానలు కేంద్రానికి ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. సంకేతం ఆక్రమించే వెడల్పు మాత్రం సుమారు 20 మెగాహెర్ట్జ్. కాబట్టి ఒకదానిపై ఒకటి పడకుండా ఉండేందుకు సాధారణంగా ఎంచుకొనేవి 1, 6, 11 అనే మూడు. అపార్టుమెంటులో ఎవరైనా కొత్తదారి తొక్కుదామని 3వ చానలు ఎంచుకొంటే, అటు 1ని, ఇటు 6ని కూడా చెడగొట్టినవారవుతారు. ఒకే చానలు పంచుకొన్న ఇరుగుపొరుగులు వంతులవారీగా మాట్లాడుకోగలరు. సగం సగం కలిసిన చానళ్లలో ఉన్నవారికి ఒకరి మాట మరొకరికి మాటగా వినిపించదు, రొదగా వినిపిస్తుంది.

బ్లూటూత్ పద్ధతి వేరు. అది ఒకచోట నిలవదు. పట్టీని ఒక్కొక్క మెగాహెర్ట్జ్ వెడల్పు గల 79 మెట్లుగా విభజించుకొని, సెకనుకు 1600 సార్లు మెట్టు మారుతూ గెంతుతుంది. ఒక మెట్టుపై దెబ్బ తగిలినా, తర్వాతి మెట్టుపై క్షేమంగా ఉంటుంది. 2003 నుండి వచ్చిన బ్లూటూత్ పరికరాలు ఇంకొక అడుగు ముందుకు వేసి, వై-ఫై ఆక్రమించిన మెట్లను గుర్తించి వాటిని దాటివేయడం నేర్చుకొన్నాయి. ఈ గెంతుడు విద్యకు పూర్వరూపాలలో ఒకటి 1942లో హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి పొందిన పేటెంటు. శత్రువులు రేడియో సంకేతాన్ని అడ్డుకొని టార్పెడోను దారి తప్పించకుండా, తనంతట తాను వాయించుకొనే పియానోలోని చిల్లుల కాగితపుచుట్ట సాయంతో పౌనఃపున్యాన్ని మార్చుతూ పోవాలన్నది వారి ఊహ. ఆ పేటెంటులో పేర్కొన్న పౌనఃపున్యాల సంఖ్య 88. పియానో మెట్లు కూడా అన్నే. ఆనాటి నౌకాదళం దానిని వాడుకోలేదన్నది వేరే మాట.

వై-ఫైకి వినడం తెలుసు. బ్లూటూత్‌కు తప్పుకోవడం తెలుసు. పొయ్యికి రెండూ తెలియవు. అది మాట్లాడటానికి పుట్టిన యంత్రం కాదు. దాని శక్తి 800 వాట్లనుకుందాం. తరంగాలు బయటికి రాకుండా తలుపుకు సన్నని చిల్లుల లోహపుజల్లెడ ఉంటుంది. అయినా పదివేలలో ఒక వంతు అంచులనుండి జారినదనుకుంటే, అది 0.08 వాట్లు. మనిషికి ఇది హాని చేసేది కాదు. కాని వై-ఫై పరికరం పలికేది కూడా దాదాపు 0.1 వాటుతోనే. అంటే పొయ్యి నుండి కారిన తుంపర, పక్కవాని కంఠంతో సమానమైన కేక అవుతున్నది.

సినిమా చూసేవానికి ఈ బాధ అంతగా తెలియదు. యంత్రం రాబోయే దృశ్యాలను కొన్ని సెకన్లపాటు ముందే దాచుకొంటుంది. మధ్యలో సంకేతం పోయినా మళ్లీ అడిగి తెప్పించుకొనే వ్యవధి ఉంటుంది. ఆటకు ఆ వెసులుబాటు లేదు. ఆటగాని వేలు ఇంకా కదలకముందే దాని కదలికను దాచుకోవడం ఎవరి తరం? ఆట తెరపై సెకనుకు 60 చిత్రాలు మారుతాయనుకుంటే ఒక్కొక్క చిత్రం ఆయుష్షు 16.7 మిల్లీసెకన్లు. మన ఇళ్లకు వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది గనుక, మామూలు ట్రాన్స్‌ఫార్మర్ గల పొయ్యి సుమారు 10 మిల్లీసెకన్లు అరిచి, 10 మిల్లీసెకన్లు ఊరుకొంటుంది. ఊరుకొన్న సందులో వై-ఫై తన మాటను దూర్చగలదు. పాఠం నెమ్మదిస్తుంది కాని ఆగదు. ఆటలో మాత్రం ఆ 10 మిల్లీసెకన్ల నిరీక్షణలోనే మలుపు దాటిపోతుంది.

ఒకప్పుడు కంట్రోలర్లన్నీ తీగతో కన్సోలుకు కట్టి ఉండేవి. నింటెండో సంస్థ 2002లో వేవ్‌బర్డ్ అనే నిస్తంత్రీ కంట్రోలరును ఈ పట్టీలో ప్రవేశపెట్టింది. 2005, 2006 సంవత్సరాలలో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3, వీ కన్సోళ్లు కూడా ఇదే బాట పట్టాయి. 2017 మార్చిలో నింటెండో స్విచ్ విడుదలైనప్పుడు, ఎడమచేతి కంట్రోలరు ఆటమధ్యలో తెగిపోతున్నదని కొందరు కొనుగోలుదారులు మొరపెట్టుకొన్నారు. తయారీలోని తేడావల్ల కొద్ది సంఖ్యలో ఎడమ కంట్రోలర్లకు నిస్తంత్రీ అంతరాయం కలుగుతున్నదని సంస్థ అంగీకరించింది. మరమ్మతుకు వెళ్లి తిరిగివచ్చిన కంట్రోలరులో కొత్తగా కనిపించినది విద్యుత్తును ప్రసరింపజేసే చిన్న స్పాంజి ముక్క!

ఆ సందర్భంలో సంస్థ ఇచ్చిన సలహాలు చదివి చాలామంది నవ్వుకొన్నారు. కన్సోలును టీవీ వెనుక పెట్టవద్దు, లోహపు వస్తువుల కింద పెట్టవద్దు అన్న మాటలతోపాటు, చేపలతొట్టి దగ్గర పెట్టవద్దు అన్న మాట కూడా వాటిలో ఉన్నది. అది నవ్వవలసిన మాట కాదు. కూరలోని నీటిని వేడిచేసే గుణమే, తొట్టిలోని నీటికి ఈ తరంగాలను మింగే శక్తినిస్తున్నది. మన దేహంలో అధికభాగం నీరే కనుక, కంట్రోలరును పట్టుకొన్న అరచేయి, ఎదుట అడ్డంగా నిలబడిన తమ్ముడు కూడా చిన్న చేపలతొట్టెలే. గాలితో సంబంధంలేని తీగ సైతం నిర్దోషి అనలేము. యూఎస్‌బీ 3.0 తీగలలో పరుగెత్తే వేగవంతమైన సంకేతాలు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రొద వెదజల్లుతాయని ఇంటెల్ సంస్థ 2012లో వివరించింది. కన్సోలుకు తగిలించిన హార్డ్ డిస్కును అరమీటరు దూరం జరిపితే కంట్రోలరు కుదుటపడిన సందర్భాలు ఉండటానికి కారణం ఇదే.

చికిత్స కూడా ఈ లెక్కలలోనే ఉన్నది. కదలని కన్సోలుకు ఇంటర్నెట్ తీగ తగిలిస్తే గాలిలో ఒక గొంతు తగ్గుతుంది. వై-ఫైను 5 గిగాహెర్ట్జ్ పట్టీకి మార్చవచ్చు. అక్కడ చోటు ఎక్కువ, గోడలు దాటే బలం మాత్రం తక్కువ. కంట్రోలరుకు, కన్సోలుకు మధ్య దూరాన్ని సగం చేస్తే, అడ్డంకులు లేనిచోట అందే సంకేతబలం నాలుగింతలవుతుంది.

ఇల్లు దాటి చూస్తే ఈ తగవు మరింత దూరం పోయినట్లు కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలోని పార్క్స్ వద్ద 64 మీటర్ల వ్యాసం గల రేడియో దూరదర్శిని ఉన్నది. 2007లో దాని సమాచారంలోనుండి సుదూర విశ్వం నుండి వచ్చినట్లు తోచే క్షణికమైన రేడియో మెరుపు ఒకటి బయటపడింది. కాని దానిని పోలిన వింత సంకేతాలు భూమిమీదనే పుడుతున్నట్లు సూచనలు కనిపించడంతో, అసలు మెరుపునే శంకించవలసి వచ్చింది. 1998 నుండి నమోదవుతూ వచ్చిన ఆ వింత సంకేతాల గుట్టు 2015లో వీడింది. పొయ్యి ఆగేవరకు ఓపికపట్టక ఎవరో తలుపు లాగినప్పుడల్లా, ఆరిపోతున్న మాగ్నెట్రాన్ విడిచిన చివరి కేక అది. అంతరిక్షపు మెరుపు వేరు, వంటింటి మెరుపు వేరు అని తేలడంతో శాస్త్రజ్ఞులు ఊపిరి పీల్చుకొన్నారు.

వేల్స్ దేశంలోని అబర్‌హోసన్ అనే పల్లెకు ఇంకొక అనుభవం. అక్కడ దెబ్బతిన్నవి గాలిలోని తరంగాలు కావు, ఇంటర్నెట్ మోసే రాగితీగలు. ప్రతి ఉదయం ఏడుగంటలకు ఊరంతటా ఇంటర్నెట్ కుంటుపడేది. పద్ధెనిమిది నెలలపాటు ఇదే తంతు. తీగలు మార్చారు, ఫలితం లేదు. చివరకు ఇంజనీర్లు తెల్లవారుజామున జోరువానలో, విద్యుత్ రొదను పసిగట్టే పరికరం చేతబట్టుకొని వీధులు తిరిగారు. సరిగ్గా ఏడుగంటలకు పరికరం ఒక ఇంటివైపు చూపింది. ఆ ఇంట్లో సెకండ్‌హ్యాండులో కొన్న పాత టీవీ ఒకటి అప్పుడే వెలిగింది. 2020లో ఈ సంగతి పత్రికలకెక్కింది. తమవల్ల ఊరంతా ఇబ్బందిపడినదని తెలిసి ఆ ఇంటివారు సిగ్గుతో కుంచించుకుపోయి, ఆ టీవీని అప్పుడే ఆపివేసి, ఇక వాడబోమని మాట ఇచ్చారు. ఆ తర్వాత ఏడుగంటలకు ఊరిలో ఇంటర్నెట్ ఆగలేదు.