పరదేశం పంపే ముందు: తోబీతు ఇంటి పాఠం

పఠనం: తోబీతు గ్రంథము 4, 5, 10 అధ్యాయములు



జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల మన కుటుంబాలు వానను నమ్ముకున్న మెట్ట వ్యవసాయదారులవి, కూలీలవి. పత్తికి పురుగు పట్టినా, మిరపకు ధర పడిపోయినా ఆ ఏడు అప్పు మిగులుతుంది. అటువంటి ఏడాదిలోనే "కువైట్‌లో ఇంటిపని ఉంది", "దుబాయిలో డ్రైవరు కావాలట", "మలేషియాలో కంపెనీ పని" అన్న మాటలు చెవిన పడతాయి. కడప, గోదావరి జిల్లాల పల్లెల్లో గల్ఫ్‌కు వెళ్ళివచ్చిన వారు వీధికొకరు ఉంటారు. మన వైపు అంతమంది లేరు. అడిగి తెలుసుకునే దిక్కు తక్కువ కనుక మనం మరింత జాగ్రత్త పడాలి.

పరదేశం వెళ్ళడం పాపమూ కాదు, అవమానమూ కాదు. బాలయేసును తీసుకొని మరియమ్మ, జోజప్పగార్లు ఐగుప్తుకు వలస వెళ్ళారు. 12వ భక్తినాథ పాపుగారు 1952లో వలసదారుల గురించి వెలువరించిన 'ఎక్సుల్ ఫమీలియా' అనే లేఖలో ఆ తిరుకుటుంబాన్నే వలస కుటుంబాలన్నిటికీ ఆదర్శంగా చూపించారు. కనుక వెళ్ళాలా వద్దా అన్నది ఈ పాఠం కాదు. ఒక ఇల్లు తన బిడ్డను ఎలా పంపాలి అన్నదే ఈ పాఠం. దానికి తోబీతు గ్రంథం మనకు మంచి గురువు.

తోబీతు స్వదేశానికి దూరంగా నీనెవె పట్టణంలో బ్రతుకుతున్నవాడు. చూపు పోయింది. ఇల్లు గడవక భార్య అన్నా కూలిపని చేసింది. అప్పుడాయనకు మాదియా దేశంలో ఒకరి వద్ద దాచిన వెండి గుర్తుకు వచ్చి, ఒక్కగానొక్క కుమారుడు తోబియాను పంపాలని నిశ్చయించాడు. అయితే వెంటనే పంపలేదు. ముందు మూడు విషయాలు చూసుకున్నాడు.

1. వెంట వచ్చేవాడు ఎవరు?

దారి తెలిసిన నమ్మకస్థుణ్ణి వెదకమని తోబీతు కుమారునికి చెప్పాడు. దొరికిన మనిషిని ఇంటికి పిలిపించి, నీది ఏ వంశం, ఏ కుటుంబం అని విచారించాడు. రోజుకు కూలి ఎంతో ముందే మాట్లాడుకున్నాడు. ఆ వచ్చినవాడు రఫాయేలు సన్మనస్కుడని తోబీతుకు తెలియదు. సన్మనస్కుణ్ణి సైతం వివరాలు అడిగిన తండ్రి ఆయన!

మనం మిర్చి బస్తాలు గుంటూరు యార్డుకు పంపేటప్పుడు కమీషను కొట్టు ఎవరిది, తూకం చీటీ ఏది అని అడుగుతాం. కన్నబిడ్డను పంపేటప్పుడు ఇంకా ఎక్కువ అడగాలి. ఏజెంటు దగ్గర మూడు విషయాలు తేల్చుకోండి.

మొదటిది, లైసెన్సు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం వద్ద రిజిస్టరు అయి ఉండాలి. ఆ రిజిస్ట్రేషను నంబరు సరైనదో కాదో ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. మీకు రాకపోతే చదువుకుంటున్న పిల్లల చేత చూపించండి. ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టం ముందు గుర్తింపు లేదు. మన కులంవాడు, మన గుడికి వచ్చేవాడు, మన చుట్టం అన్న మాట లైసెన్సు కాదు.

రెండవది, రుసుము. లైసెన్సు ఉన్న ఏజెంటు పనివాని నుండి తీసుకోగల గరిష్ఠ సేవా రుసుము రూ. 30,000, దానిపై జి.ఎస్.టి. అంతే. దానికి రసీదు ఇవ్వాలి. లక్షన్నర, రెండు లక్షలు అడిగి రసీదు ఇవ్వనివాడు అక్కడే తన గుణం చెప్పుకున్నాడు.

మూడవది, వీసా. "ముందు విజిట్ వీసాపై వెళ్ళు, అక్కడ పని వీసాగా మారుస్తాం" అంటే ఒప్పుకోవద్దు. విజిట్ వీసా చూడటానికి వెళ్ళేవారిది. దానిపై పని చేస్తే ఆ దేశపు చట్టం ముందు మీరే దోషులు, జీతం ఎగ్గొట్టినా అడిగే హక్కు ఉండదు. "ఆజాద్ వీసా" అనే మాట కూడా అటువంటిదే. కాగితం ఒక యజమాని పేరున, పని మరొకరి దగ్గర. తనిఖీలో దొరికితే జైలు, ఆపై దేశ బహిష్కారం.

చదువుకున్న పిల్లలున్న ఇళ్ళు మరొక సంగతి గమనించాలి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన యువకులను కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠా వ్యవహారాన్ని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. డిగ్రీ చేతిలో ఉన్నంత మాత్రాన మోసపోమని అనుకోరాదు.

2. కాగితం ఎక్కడ ఉంది?

తోబీతు వెండిని దాచినప్పుడు ఇద్దరూ సంతకాలు చేసిన పత్రాన్ని రెండు ముక్కలు చేసి చెరొకటి ఉంచుకున్నారు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ ముక్కే తోబియాకు సాక్ష్యమైంది. మాట మీద నమ్మకం ఉన్నా, కాగితం రెండు చోట్లా ఉండాలన్నది ఇక్కడి నీతి.

పదవ తరగతి ప్యాసు కాని వారి పాస్‌పోర్టు సాధారణంగా ఇ.సి.ఆర్. కోవకు వస్తుంది. వారు గల్ఫ్ దేశాలు, మలేషియాతో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి తీసుకోవాలి. ఇది అడ్డంకి కాదు, రక్షణ. ఈ అనుమతికి ముందు జీతం, పని వివరం, గడువు రాసిన ఒప్పందం ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా చేయించాలి. రెండేళ్ళకు రూ. 275, మూడేళ్ళకు రూ. 375 ప్రీమియం, పైన పన్ను. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా రూ. 10 లక్షల బీమా ఉంది. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుపై ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండి ఉండాలి. ప్రైవేటు ఏజెంటు ద్వారా గాక, మన రాష్ట్రంలోని ఓంక్యాప్ వంటి ప్రభుత్వ సంస్థ ద్వారా వెళ్ళాలి. వయస్సు ఎక్కువ వేయించి పాస్‌పోర్టు తీయిస్తామనే వాడిని గడప తొక్కనివ్వకండి.

ఒప్పందం అరబ్బీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. చదవగలిగిన వారి చేత, అంటే ఉపాధ్యాయుని చేతనో, కన్యస్త్రీల చేతనో, విచారణ గురువుల చేతనో చదివించుకొని తెలుగులో విని, ఆ తరువాతే సంతకం చేయాలి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా పత్రం, యజమాని పేరు, చిరునామా, ఫోను నంబరు అన్నిటి నకళ్ళు ఇంట్లో ఒక సంచిలో పెట్టి, అది ఎక్కడ ఉందో ఇద్దరికి తెలిసేలా ఉంచాలి. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షకు పైగా భారతీయులు ఇల్లూ సామానూ వదిలి జోర్డాను దేశం మీదుగా విమానాల్లో తిరిగి వచ్చారు. అటువంటి వేళ ఇంట్లో ఉన్న నకలు ఎంతో మేలు చేస్తుంది.

3. అప్పు ఎంత?

తోబియా బయలుదేరుతుంటే తల్లి అన్నా ఏడ్చింది. డబ్బు కోసం బిడ్డను ఎందుకు పంపుతున్నావని భర్తను నిలదీసింది. ఆ తల్లి ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అడగాలి.

పరదేశంలో బాధపడుతున్న వారిని అక్కడ కట్టిపడేసేది చాలాసార్లు యజమాని వేసిన తాళం కాదు, ఇంటి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు. రెండు లక్షలు ఆ వడ్డీకి తెస్తే నెలకు ఆరు వేలు, ఏడాదికి డెబ్బై రెండు వేలు వడ్డీకే పోతుంది. కొట్టినా, జీతం ఇవ్వకపోయినా "ఎలా తిరిగి వెళ్ళను?" అని ఆ బిడ్డ నోరు మూసుకుంటుంది. ఫోనులో "బాగానే ఉన్నానమ్మా" అంటుంది. కనుక ఉన్న ఒక్క ఎకరం అమ్మి, పుస్తెలు కుదువపెట్టి పంపకండి. వెళ్ళే దారి కంటే తిరిగి వచ్చే దారి ముందు చూడండి. బయలుదేరే రోజున తల్లిదండ్రులు, భార్య లేక భర్త స్పష్టంగా చెప్పాలి: "అక్కడ నీకు బాగుండకపోతే వచ్చేయ్. డబ్బు పోయినా ఫరవాలేదు." ఆ ఒక్క మాట ఎన్నో ప్రాణాలను కాపాడగలదు.

అక్కడ పాటించవలసినవి

సామాను విషయం: మన వంటింట్లో మామూలు సరుకైన గసగసాలు సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, కతార్ దేశాల్లో నిషేధం. మాదకద్రవ్యాల చట్టం కింద జైలు పాలయ్యే ప్రమాదం ఉంది. మసాలా పొడుల్లో కూడా కలపకండి. మందులు ఉంటే డాక్టరు చీటీతో, అసలు ప్యాకెట్టులోనే తీసుకువెళ్ళాలి. కోడీన్, ట్రమడాల్ ఉన్న నొప్పి, దగ్గు మందులపై గట్టి ఆంక్షలున్నాయి. "మా అన్నకు ఈ పచ్చడి సీసా ఇవ్వండి" అని ఎవరిచ్చినా, విప్పి చూడని పొట్లం ముట్టవద్దు. అందులో ఏమున్నా పట్టుబడేది మీరే.

పాస్‌పోర్టు విషయం: చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు ఆస్తి. యజమాని దానిని దాచుకోవడం కువైట్ చట్టానికీ విరుద్ధమే. ఇంటిపనివారి కోసం కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం వారానికొక సెలవు, ఏడాదికి జీతంతో కూడిన సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, పని ముగించి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సొమ్ము ఇవ్వాలని చెబుతోంది. అందరు యజమానులూ పాటిస్తారని కాదు. హక్కు తెలిసినవారికే అడిగే ధైర్యం ఉంటుంది.

గది విషయం: 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనానికి నిప్పంటుకొని 40 మందికి పైగా భారతీయులు మరణించారు. క్రొత్త గదిలో చేరిన మొదటి రోజే బయటకు వెళ్ళే మెట్లు ఎక్కడ, తలుపులు తెరుచుకుంటున్నాయా అని చూసుకోవాలి. ఒకే ప్లగ్గుకు నాలుగు వైర్లు తగిలించవద్దు. చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోవద్దు. ఆ విషవాయువు వాసన లేకుండానే చంపుతుంది.

ఎండ విషయం: యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియాల్లో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం వేళ ఆరుబయట ఎండలో పని చేయించరాదని నియమం ఉంది. దాహం వేయకముందే నీళ్ళు త్రాగుతూ ఉండాలి.

డబ్బు విషయం: జీతం బ్యాంకు ద్వారానే పంపండి, హుండీ ద్వారా వద్దు. మీ పేరున తీసిన సిమ్ము, బ్యాంకు కార్డు, గుర్తింపు కార్డు స్నేహితునికైనా ఇవ్వవద్దు. వాటితో జరిగే ప్రతి నేరం మీ మీదకే వస్తుంది.

విశ్వాసం విషయం: కువైట్ నగరంలో తిరుకుటుంబ దేవాలయం, దుబాయిలో మరియమాత దేవాలయం, దోహాలో జపమాల మాత దేవాలయం ఉన్నాయి. ఆ దేశాల్లో శుక్రవారం కూడా విశ్వాసుల కోసం దివ్యబలిపూజలు జరుగుతాయి. సౌదీ అరేబియాలో గుడులు లేవు, బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. అక్కడ ప్రార్థన హృదయంలోనూ గది లోపలా సాగాలి. గుడికి వెళ్ళడం ఆత్మకే గాక దేహరక్షణకూ మేలు. నాలుగు గోడల మధ్య పనిచేసే స్త్రీని వారానికొకసారి మనవారు చూస్తే, ఆమె కనబడని వారం అడిగేవారు ఉంటారు. వెళ్ళేముందు విచారణ నుండి జ్ఞానస్నాన పత్రం తీసుకువెళ్ళండి.

ఇంటివారు దారి చూడాలి

తోబియా రావడం ఆలస్యమైనప్పుడు తండ్రి రోజులు లెక్కపెట్టాడు. తల్లి రోజూ బయటకు వెళ్ళి, కొడుకు వెళ్ళిన దారినే చూసింది. మనం కూడా డబ్బు వచ్చిన తేదీని మాత్రమే గాక, మాట వినబడిన తేదీని లెక్కపెట్టాలి. వారంలో ఒక రోజు, ఒక గంట నిర్ణయించుకోండి. యజమాని పక్కన ఉన్నా చెప్పగలిగే గుర్తుమాట ఒకటి పెట్టుకోండి. "పెద్దమ్మకు ఒంట్లో బాగా లేదా?" అంటే "నేను ఆపదలో ఉన్నాను" అని అర్థం అన్నట్లుగా.

ఆపద తెలిసినప్పుడు ఏజెంటు ఇంటి చుట్టూ తిరుగుతూ కూర్చోవద్దు. ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రానికి 1800 11 3090 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. విదేశాంగ శాఖ 'మదద్' వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడున్నవారు భారత రాయబార కార్యాలయానికి వెళ్ళవచ్చు. ఆ చిరునామా, ఫోను నంబరు బయలుదేరక ముందే కాగితం మీద వ్రాసి ఇవ్వండి, ఎందుకంటే ముందుగా లాక్కునేది ఫోనునే.

విచారణలకు ఒక మనవి. పరదేశంలో ఉన్నవారి పేర్లు, దేశాలు, వారి ఇంటివారి వివరాలు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. సెప్టెంబరు 29న అతిదూతలైన మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలుల పండుగ వస్తుంది. ఆనాడు ప్రయాణీకుల తోడైన రఫాయేలు ద్వారా వారిని పేరుపేరునా ప్రభువుకు అప్పగించండి.

కుటుంబంలో చర్చకు

1. మన ఇంటి నుండి ఎవరైనా పరదేశంలో ఉంటే, వారి పాస్‌పోర్టు నకలు, యజమాని చిరునామా ఇప్పుడు మన ఇంట్లో ఉన్నాయా?

2. వారితో చివరిసారి మాట్లాడినప్పుడు డబ్బు గురించి ఎంతసేపు, వారి క్షేమం గురించి ఎంతసేపు మాట్లాడాం?

3. "బాగుండకపోతే వచ్చేయ్" అని వారితో చెప్పామా? చెప్పకపోతే, ఈ ఆదివారమే ఎందుకు చెప్పకూడదు?

ప్రార్థన: ఐగుప్తు దారిలో తిరుకుటుంబాన్ని కాపాడిన తండ్రీ, పరదేశంలో చెమటోడ్చే మా బిడ్డలకు మంచి తోడును, మంచి యజమానులను ప్రసాదించండి. వారి కష్టం చెప్పగా వినే చెవులను మాకు దయచేయండి. వారిని క్షేమంగా మా గడపకు చేర్చండి. మా ప్రభువైన క్రీస్తు ద్వారా వేడుకొనుచున్నాము. ఆమెన్.