కోటలు చూడబోయేవారికి

నాకిప్పుడు 74 ఏళ్ళు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు చుట్టుపక్కల బళ్ళలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. పాఠం చెప్పే రోజుల్లో ఉదయగిరి, చంద్రగిరి, గండికోట నాకు పుస్తకంలోని పేర్లే. రిటైరయ్యాక ఒక్కొక్కటే కాలినడకన ఎక్కి చూశాను. 2023 వేసవిలో మా అమ్మాయి, అల్లుడు లివర్‌పూల్ పిలిపించుకుంటే అయిదు నెలలు అక్కడుండి, పక్కనే ఉన్న వేల్స్ కోటలు, లండన్ మ్యూజియంలు చూసొచ్చాను. ఇప్పుడు మా వైపు ఎవరి పిల్లలకి వీసా వచ్చినా, వాళ్ళ అమ్మానాన్నలు మా ఇంటికొచ్చి "అయ్యవారూ, అక్కడ ఏం చూడాలి, ఎట్లా చూడాలి?" అని అడుగుతారు. వాళ్ళకి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు మన గుమ్మం ముందున్న కోటని చూడండి.

వేల్స్‌లో కాన్వీ అని ఒక కోట. వాకిట్లో టికెట్లు చూసే పెద్దాయన నన్ను "మీదే ఊరు?" అనడిగాడు. మద్రాసుకి ఉత్తరాన, సముద్రం ఒడ్డు అన్నాను. "అక్కడ మావాళ్ళు కట్టిన కోటలున్నాయా?" అన్నాడు. మద్రాసులోని సెయింట్ జార్జి కోట పేరు చెప్పి ఊరుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. మద్రాసు కంటే ముందు ఇంగ్లీషువాళ్ళు కోట కట్టుకున్నది మన తీరంలోనే. ఆ ముక్క పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇంటి నుంచి రెండు గంటల దారి కూడా లేని ఆ చోటికి ఒక్కసారైనా పోలేదు.

వాకాడు మండలంలో దుగరాజపట్నం ఆ ఊరు. 1611లో మచిలీపట్నంలో కొట్టు తెరిచిన ఈస్టిండియా కంపెనీవాళ్ళు, పులికాట్‌లో పాతుకుపోయిన డచ్చివాళ్ళ పోటీకి తట్టుకోలేక, 1626లో ఇక్కడ దిగారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఆర్మగాన్. తమకి సాయపడిన ఆరుముగం ముదలియారు పేరే వాళ్ళ నోట్లో అట్లా అయిందంటారు. 1628 నాటికి కొట్టు చుట్టూ 12 ఫిరంగులు, కాపలాకి గుమాస్తాలూ సిపాయిలూ కలిపి 23 మంది. అంతే బలగం. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే, మంచి బట్ట చౌకగా దొరికే రేవు కోసం దక్షిణంగా వెతుక్కుంటూ పోయి, 1639 ఆగస్టు 22న దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఒక ఇసుక పర్రకి పట్టా రాయించుకున్నాడు. మరుసటేడు ఆర్మగాన్ సరంజామా అంతా పడవలకెక్కించి అక్కడికి తరలించారు. అదే మద్రాసు. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీద చెన్నపట్నం.

లివర్‌పూల్ నుంచి వచ్చిన నెలలోనే వాకాడు దాకా బస్సులో పోయి, అక్కణ్ణించి ఆటో మాట్లాడుకుని దుగరాజపట్నం వెళ్ళాను. వల బాగుచేసుకుంటున్న ఒక కుర్రవాడిని కోట ఎక్కడని అడిగితే, "ఇక్కడ కోటేంది తాతా?" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. ఇసుక, సరుగుడు తోపులు, పడవలు తప్ప నా కంటికీ ఏమీ ఆనలేదు. మద్రాసు మహానగరానికి మొలక వేసిన నేల అది. అక్కడ ఒక చిన్న పలక అయినా ఉండాలని నాకు గట్టిగా అనిపించింది.

2. కట్టినవాడి కంటితో చూడండి, ఏలినవాడి కంటితో చూసింది చాలు.

కాన్వీ కోటని ఒకటో ఎడ్వర్డ్ రాజు 1283లో మొదలుపెట్టించి నాలుగేళ్ళలో ముగించాడు. ఎనిమిది బురుజులు, ఊరి చుట్టూ కిలోమీటరు పైన ప్రాకారం. నాలుగేళ్ళలో ఎట్లా అయింది? అందరూ బురుజు మీదికెక్కి నది ఫొటోలు తీసుకుంటుంటే, నేను కింద నిలబడి గోడ చూశాను. మా నాన్న మేస్త్రీ. ఆయన వెంట ఇటుకలు అందించి పెరిగినవాణ్ణి. గోడలో జానెడు బొక్కలు వరసగా కనిపించాయి. మామూలుగా అయితే అవి అడ్డంగా, సమంగా ఉంటాయి. ఇక్కడ బురుజు చుట్టూ మెలి తిరుగుతూ పైకి పోతున్నాయి. మా మనవడు "పావురాల గూళ్ళా తాతయ్యా?" అన్నాడు. "కాదురా నాయనా, సారవ కర్రలు గుచ్చిన బొక్కలు" అన్నాను. బురుజు చుట్టూ వాలుదారిగా సారవ కట్టి, దాని మీదుగా రాళ్ళు పైకి చేర్చారు. ఏడు వందల ఏళ్ళ కిందటి ఆ కూలివాడు నాకు అక్కడ కనిపించినంత స్పష్టంగా ఏ రాజూ కనిపించలేదు.

ఆ కంటితోనే మన కోటలు చూడండి. హంపీలో బండ అంచున చిన్న చిన్న చదరపు గుంతలు వరసగా ఉంటాయి. సీలలు దించి రాయి చీల్చిన గుర్తులు. పాత గోడల్లో సున్నం చేత్తో తడిమి చూడండి. మన తీరంలో గుల్లలు బట్టీలో కాల్చి, ఆ సున్నాన్ని గానుగలో రుబ్బి వాడేవారు. కొన్నిచోట్ల గుల్ల ముక్క తెల్లగా వేలికి తగులుతుంది. పిల్లలకి ముందు అది చూపించండి. రాజుల పేర్లు తరవాత వాళ్ళే అడుగుతారు.

3. సముద్రాన్ని నమ్ముకున్న కోట సముద్రం మాటే వినాలి.

వేల్స్‌లోనే హార్లెక్ కోట ఉంది. కట్టినప్పుడు సముద్రం కొండ కిందికే వచ్చేది. కోట ముట్టడిలో ఉన్నప్పుడు పడవల్లో తిండి గింజలు తెచ్చి, మెట్ల దారిన పైకి చేర్చేవారు. ఇప్పుడు ఆ మెట్ల కింద నీళ్ళు లేవు. పచ్చిక బయలు దాటి ఎంతో దూరాన కెరటం మెరుస్తుంది. పై గోడ మీద నిలబడితే నాకు కృష్ణపట్నం గుర్తొచ్చింది. కండలేరు ఉప్పుటేరులో పడవలు తిరిగిన పాత రేవు నేనెరుగుదును. 2008 తరవాత అక్కడే పెద్ద ఓడలు ఆగుతున్నాయి. ఒక రేవుని సముద్రం వదిలి పోతుంది, ఇంకో రేవుని మనుషులు తవ్వి లోతు చేసుకుంటారు. కోట కట్టిన చోటు ఎందుకు ఎంచుకున్నారో తెలియాలంటే నీళ్ళు అప్పుడెక్కడున్నాయో అడగాలి.

4. కొండకోటకి ఎక్కే లెక్క కాదు, దిగే లెక్క వేసుకోండి.

ఇది నేను కష్టపడి నేర్చుకున్నది. ఉదయగిరి మన జిల్లా కోట. నెల్లూరి నుంచి సుమారు వంద కిలోమీటర్లు. కొండ 3,079 అడుగులు. పైన ఎనిమిది, కింద అయిదు, మొత్తం పదమూడు దుర్గాలుండేవని చెబుతారు. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటని పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకి ఏడాదిన్నర ముట్టడి పట్టింది. 1514లో లొంగింది. ఆ కొండని ఒక్క పూటలో చూసేయొచ్చని నేననుకున్నాను.

మార్చి నెల. ఎనిమిదింటికి ఎక్కడం మొదలుపెట్టాను. చేతిలో ఒక్క లీటరు నీళ్ళు. మసీదు, పాడుబడ్డ గోడలు చూసుకుంటూ, నోట్సు రాసుకుంటూ తిరిగేసరికి పన్నెండు దాటింది. నీళ్ళైపోయాయి. దిగేటప్పుడు బండ కాలి కింద పెనంలా కాలుతోంది. మోకాళ్ళు వణికి, దారి తప్పి, ముళ్ళపొదల్లో కూలబడ్డాను. మేకలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన తన సీసాలో నీళ్ళు పోసి, చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. పేరడిగితే నవ్వి పోయాడు.

అప్పటి నుంచి నా కట్టుబాటు ఇది. తెల్లవారక ముందే కొండ కింద ఉండాలి, పదిన్నరకి దిగడం మొదలవాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, చేతికర్ర, ఊరివాడు ఒకడు తోడు. ఊరివాడి కూలి ముందే మాట్లాడి, అడిగినదానికంటే కొంచెం ఎక్కువే ఇవ్వండి. దిగొచ్చాక ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు కొనండి. చేత్తో చెక్కే ఆ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. కోట చూసినవాళ్ళు ఒక్కొక్కటి కొన్నా ఆ ఇళ్ళలో పొయ్యి వెలుగుతుంది.

5. సమాధుల దొడ్డి దాటి పోకండి.

ప్రళయకావేరి సరస్సు దక్షిణపు కొసన పులికాట్. డచ్చివాళ్ళు 1613లో కట్టిన గెల్డ్రియా కోట అక్కడే. 1806లో ఇంగ్లీషువాళ్ళు దాన్ని పడగొట్టారు. మిగిలింది సమాధుల దొడ్డి. గేటుకి అటొకటి ఇటొకటి రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. లోపల నల్లరాతి పలకల మీద డచ్చి అక్షరాలు. నేను వేలితో ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. పుట్టిన ఊరొకచోట, పోయింది ఇక్కడ. మన నేతగాళ్ళ బట్ట కొని తూర్పు దీవులకి ఓడల్లో పంపి, దానికి మారుగా మిరియాలు, లవంగాలు తెచ్చుకున్నవాళ్ళు వీళ్ళు. లాభం ఎవరికెంత పోయిందో వేరే లెక్క. ఇంటికి చేరని మనిషి సమాధి దగ్గర మాత్రం రెండు నిమిషాలు నిలబడాలి.

6. అద్దాల పెట్టె ముందు తలొంచకండి, అరవకండి. నిలబడి చదవండి.

వేల్స్ సరిహద్దున పోవిస్ కోట. లోపల ఒక గది నిండా మన దేశపు వస్తువులు. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక తెచ్చిన టిప్పు సుల్తాను డేరా ఉంది. పువ్వుల అచ్చు బట్ట, రంగు ఇంకా వెలవలేదు. ఈ సొత్తు చేరింది రాబర్ట్ క్లైవ్ వల్లా, ఆయన కొడుకు ఎడ్వర్డ్ వల్లా. ఎడ్వర్డ్ 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. మన నెల్లూరు ఆర్కాటు నవాబు చేతి నుంచి కంపెనీ చేతికి మారిన 1801వ సంవత్సరం ఆయన హయాములోదే. ఆ సంగతి అక్కడ నిలబడి మనవడికి చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది.

లండన్ టవర్‌లో కోహినూరు చూడ్డానికి మనిషికి ముప్పై పౌండ్లు దాటింది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని మనవాళ్ళు చెప్పుకునే రాయి. క్యూలో నడుస్తూ ఒక్క క్షణం చూసి బయటపడ్డాం. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలకి టికెట్టే లేదు. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించినవి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. ఎవరూ తొందరపెట్టలేదు. అక్కడ పూట గడిపాను. నన్నడిగితే కోహినూరు కంటే ఆ సున్నపురాతి పలకలు పదింతలు గొప్పవి. అవి ఒకనాటికి మన కృష్ణ ఒడ్డుకి తిరిగి రావాలనే నా కోరిక, దాచుకోను.

అయితే ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఉదయగిరి గెలిచిన రాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరి గుడిలో లేదు, హంపీ గుడిలోనూ లేదు. గెలిచినవాడు ఎత్తుకుపోవడం మనకీ తెలిసిన పనే. పిల్లలకి రెండు కథలూ చెప్పండి.

7. దారి కూడా చూడదగ్గదే.

వేల్స్‌లో పొలాల మధ్య నుంచి అందరూ నడవడానికి హక్కున్న కాలిబాటలుంటాయి. దారిలో గొర్రెల కంచెకి తలుపు తగిలితే, తీసినవాడు మళ్ళీ గడియ వేసి పోవాలి. అయిదు నెలల్లో ఒక్క తలుపు కూడా బార్లా తెరిచి ఉండగా చూడలేదు. గండికోటలో పెన్నమ్మ ఎర్రటి రాళ్ళని కోసుకుంటూ పారే లోయ అంచున కూర్చుంటే, ఇంత అందం అక్కడెక్కడా చూడలేదనిపించింది. వెనక్కి తిరిగితే సీసాలు, పొట్లాం కాగితాలు. నేనొక గోతాం తీసుకుపోతాను. పట్టినంత ఏరి జమ్మలమడుగు దాకా తెస్తాను. మీరూ ఒక సంచి పట్టుకుపోండి.

8. కోటకి కాపలా కంటే కథ చెప్పే మనిషి ముఖ్యం.

వేల్స్‌లో కోటల బాగోగులు చూసే సర్కారు సంస్థ పేరు కాడూ. వాళ్ళ భాషలో కాపాడు అని అర్థమట. పడిపోయిన గోడని వాళ్ళు కొత్తగా కట్టరు. ఉన్న రాయి ఇంకా జారకుండా నిలుపుతారు. పోవిస్‌లో గదికొకరు నా ఈడువాళ్ళు, జీతం లేకుండా, వారంలో ఒకటి రెండు పూటలు కూర్చుని వచ్చినవాళ్ళకి కథ చెబుతున్నారు. డేరా గదిలోని ఆవిడ రిటైరైన టీచరు. నేనూ టీచర్నే అంటే కుర్చీ జరిపి కూర్చోమంది. అరగంట మాట్లాడుకున్నాం.

మనకి పెన్షను ఉంది, టైముంది, పాఠం చెప్పిన నోరుంది. ఇప్పుడు నేను నెలలో రెండో శనివారం తెల్లవారుజామున ఉదయగిరి కొండ కింద కూర్చుంటున్నాను. వచ్చిన పిల్లలకి రాయల ముట్టడి, సారవ బొక్కలు, చెక్క చెంచాలు చెప్పి, నీళ్ళ సీసాలు లెక్కపెట్టి పైకి పంపుతాను. మిగిలిన శనివారాలు ఖాళీగా ఉన్నాయి. ఉదయగిరి, దుత్తలూరు, వింజమూరు వైపు రిటైరైన అయ్యవార్లూ, అమ్మగార్లూ, తలా ఒక శనివారం పంచుకోండి.