బొమ్మను కూడా చదవాలి

అక్షరాలు వస్తే పుస్తకం చదవచ్చు. మరి బొమ్మ? చూస్తే చాలు, అర్థమైపోతుంది అనుకుంటారు చాలామంది. కానీ బొమ్మను కూడా చదవాలి. ఎవరు గీశారు? ఎప్పుడు గీశారు? కళ్ళారా చూసి గీశారా? ఇవన్నీ అడగాలి. పాతకాలపు యుద్ధం బొమ్మల కథ ఈ సంగతే చెబుతుంది.

సముద్రం ఒడ్డున యుద్ధం

మన దేశానికి చాలా దూరంలో నల్ల సముద్రం ఉంది. పేరే నల్ల సముద్రం. నీళ్ళు నల్లగా ఉండవు. దాని ఉత్తరపు ఒడ్డున ఉన్న ప్రాంతం క్రిమియా.

1853లో రష్యాకూ టర్కీకీ యుద్ధం మొదలైంది. 1854లో బ్రిటన్, ఫ్రాన్స్ టర్కీ పక్షాన చేరాయి. ఓడల్లో సైన్యాలను తెచ్చి క్రిమియాలో దింపాయి. సెవాస్తపోల్ రేవు పట్టణాన్ని ముట్టడించాయి. శత్రువుల ఓడలు లోపలికి రాకుండా రష్యావాళ్ళు తమ ఓడలనే కొన్నింటిని రేవు ముఖంలో ముంచేశారు. ముట్టడి దాదాపు 11 నెలలు సాగింది.

రాతి మీద బొమ్మ

అప్పట్లో పత్రికల్లో ఫోటోలు అచ్చువేసే వీలు లేదు. యుద్ధం ఎలా ఉందో జనానికి తెలిసేదెలా? లండన్‌లో బొమ్మలు అమ్మే వ్యాపారులు విలియం సింప్సన్ అనే చిత్రకారుణ్ణి అక్కడికి పంపారు. ఆయన 1823లో గ్లాస్గో పట్టణంలో ఒక పేద ఇంట్లో పుట్టాడు. చిన్న వయసులోనే రాతి అచ్చు పని నేర్చుకున్నాడు.

రాతి అచ్చు అంటే ఏమిటి? నున్నటి రాయి మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీస్తారు. రాయిని నీళ్ళతో తడుపుతారు. తరువాత జిడ్డు సిరా పూస్తారు. నూనె, నీళ్ళు కలవవు కదా! అందుకని సిరా గీతలకే అంటుకుంటుంది. తడి రాయికి అంటదు. పైన కాగితం పెట్టి నొక్కితే బొమ్మ దిగుతుంది.

సింప్సన్ రంగుల బొమ్మలు వేసి లండన్ పంపేవాడు. అక్కడ వాటిని రాతి మీదికి ఎక్కించేవారు. 1855, 1856 సంవత్సరాల్లో సుమారు 80 బొమ్మలు అచ్చయ్యాయి. 

చూసిందీ, చూడనిదీ

సింప్సన్ 1854 నవంబరులో క్రిమియా చేరాడు. అప్పటికే అక్టోబరు 25న ఒక ఘోరం జరిగిపోయింది. కాగితం మీద రాసిన ఆజ్ఞ స్పష్టంగా లేదు. ఎటు వెళ్ళమన్నారో సరిగ్గా అర్థం కాలేదు. ఆరు వందల మందికి పైగా గుర్రపు సైనికులు నేరుగా ఫిరంగులకు ఎదురు వెళ్ళారు. వంద మందికి పైగా చనిపోయారు.

సింప్సన్ అక్కడున్నవాళ్ళను అడిగి ఆ బొమ్మ గీశాడు. ఆ దళాన్ని నడిపిన అధికారి కార్డిగన్ ప్రభువు. బొమ్మ చూసి ఆయన బాగాలేదన్నాడు. రెండోదీ నచ్చలేదు. మూడోది మెచ్చుకున్నాడు. అందులో కార్డిగన్ అందరికన్నా ముందు కొట్టొచ్చినట్టు కనిపిస్తాడు! ఈ సంగతి తరువాత సింప్సనే చెప్పాడు.

అలా అని బొమ్మలన్నీ అబద్ధాలు కావు. జబ్బుపడ్డ సైనికులను పడవలు ఎక్కిస్తున్న బొమ్మ ఉంది. బురదలో బండ్లు కూరుకుపోయిన బొమ్మ ఉంది. వీరత్వం వెనకాల ఉన్న బాధ వాటిలో కనిపిస్తుంది.

బొమ్మలో లేనిది

రోగులను ఓడల్లో నల్ల సముద్రం దాటించి, టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి చేర్చేవారు. అక్కడి వార్డు బొమ్మ 1856లో అచ్చయింది. అందులో వార్డు శుభ్రంగా ఉంది. మంచాలు వరసగా ఉన్నాయి. నర్సు ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా ఉంది.

కానీ 1854 చలికాలంలో ఆ ఆసుపత్రి అలా లేదు. మురుగు కంపు, ఇరుకు. వేలమంది చనిపోయారు. 1855లో మురుగుకాలవలు బాగు చేశాక చావులు తగ్గాయి.

1858లో నైటింగేల్ మరో రకం బొమ్మ అచ్చు వేయించింది. అందులో మనుషులు లేరు. లెక్కలే ఉన్నాయి. గాయాల చావులకు ఎరుపు, రోగాల చావులకు నీలం. నీలమే ఎక్కువ! తుపాకీ కన్నా మురికి ఎక్కువమందిని చంపిందని చూడగానే తెలుస్తుంది.

బొమ్మలో ఉన్నది చూడాలి. లేనిదేమిటో అడగాలి. అదే చదవడం.

చెప్పండి

1. రాతి అచ్చులో సిరా తడి రాయికి ఎందుకు అంటదు?
2. కార్డిగన్‌కు మూడో బొమ్మ ఎందుకు నచ్చింది?
3. మీ ఊళ్ళో గోడ మీద ఉన్న ఒక బొమ్మ చూడండి. అది ఎవరు వేయించారు? అందులో ఎవరు లేరు?