పొట్లములలోని బొమ్మకార్డులు

సిగరెట్టు విద్యార్థులకు తగని వస్తువని వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను ఆ పొట్లములో దాగి వచ్చిన చిన్న అట్టముక్క యొకటి రెండు మూడు తరముల బాలురకు భూగోళమును, చరిత్రను, పక్షుల పేళ్లను నేర్పినది. దానిని గుఱించియు, దానిని ప్రోగుచేసిన యొకానొక సామాన్యుని గుఱించియు ఇచ్చట కొంత వ్రాయుచున్నాము.

1880 తరువాతి కాలమున అమెరికాలో సిగరెట్లను పలుచని కాగితపు పొట్లములలో అమ్ముచుండిరి. అవి నలగకుండుటకై లోపల నొక గట్టి అట్టను పెట్టుట వాడుక. అట్ట యెట్లును పెట్టవలసినదే గదా యని వర్తకులు దానిపై రంగుల బొమ్మ నచ్చొత్తించిరి. రిచ్మండు నగరమందలి ఆలెన్ అండ్ జింటరు కంపెనీవారు పక్షులు, దేశదేశముల జెండాలు, అమెరికా ఆదిమజాతుల నాయకులు మొదలగు వరుసలను వెలువరించిరి. ఒక వరుసకు తఱచుగ ఏబది కార్డులు. నలువదితొమ్మిది చేతికి వచ్చి యొక్కటి రాకున్న మనస్సూరకుండునా? ఆ యొక్కదానికై మఱల ఆ సరకునే కొనవలెను. వర్తకుని యుపాయమంతయు నిందే యున్నది.

ఇంగ్లండులో బ్రిస్టలు నగరపు విల్సు కంపెనీ ఈ పనిలో మిక్కిలి పేరొందెను. వారి కార్డు రమారమి 68 మిల్లీమీటర్ల పొడవు, 36 మిల్లీమీటర్ల వెడల్పు. ముందు బొమ్మ, వెనుక కొన్ని పంక్తుల వివరణ. పొగాకు దుకాణముల యెదుట బాలురు నిలిచి, వచ్చిపోవువారిని కార్డులడుగుచుండిరి. ఈ చిన్న కార్డులకును రాజకీయములు తప్పలేదు. వాటర్లూ యుద్ధమునకు నూఱేండ్లు నిండిన 1915లో ఆ కంపెనీవారు ఆ యుద్ధపు బొమ్మల నొక వరుసగ సిద్ధపఱచిరి. కాని యప్పటికి ఫ్రాన్సు ఇంగ్లండునకు మిత్రదేశము. మిత్రుని పూర్వపు టోటమిని బొమ్మకట్టి యింటింట పంచుట తగదని దానిని ఆపివేసిరి. ఎనిమిదవ ఎడ్వర్డు రాజు జీవితమును చూపు వరుసయు, 1936లో ఆయన సింహాసనమును విడుచుటచే, బజారునకు రాకయే పోయెను.

పొగాకుతో సంబంధము లేని కార్డులును గలవు. మాకు ఇష్టమైనవి యవియే. అమెరికాలో వంటసోడా చేయు చర్చి అండ్ డ్వైట్ కంపెనీవారు 1915 మొదలు ఉపయోగకరములగు పక్షుల వరుసను తమ పొట్లములలో నుంచిరి. టోపీల యలంకారమునకై పక్షులను గుంపులుగ చంపిన దినములకు అది యెంతో దూరము గాదు. పక్షులను నాశనము చేయవలదను విన్నపమును ఆ కార్డులపై అచ్చువేసిరి. సోడా నయిపోయినను ఆ మాట వంటయింటిలో నిలిచియుండును.

ఇట్టివి చించి పాఱవేయబడుటకే పుట్టినవి. వానిని శాశ్వతముగ నిలిపినవాడు జెఫర్సన్ బర్డిక్. ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి సిరక్యూసు నగరమున విద్యుత్పరికరముల కర్మాగారమున పనిచేసి జీవించినవాడు; ధనికుడు గాడు. కీళ్లవాతముచే చేతులు వంకరలై బాధించుచుండినను కార్డులను ప్రోగుచేయుట మానలేదు. ప్రోగుచేయుట మాత్రమే యైన నింత చెప్పనక్కఱలేదు. ఏ కార్డు ఏ వరుసలోనిదో యెవ్వరికిని తెలియని దినములలో ఆయన ప్రతి వరుసకును ఒక అక్షరమును, ఒక అంకెను ఏర్పఱచి, 1939లో జాబితా నచ్చువేయించెను. పందొమ్మిదవ శతాబ్దపు పొగాకు కార్డులకు ‘ఎన్’, ఇరువదవ శతాబ్దపువానికి ‘టి’. ప్రోగుచేయువారు నేటికిని ఆ గుర్తులనే వాడుచున్నారు.

తన సొత్తు నమ్ముకొనక, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు దానమిచ్చి, అచ్చటనే బల్లయొద్ద గూర్చుండి యేండ్ల తరబడి ఆల్బములలో అమర్చెను. కార్డులు, పోస్టుకార్డులు, చీటీలు మొదలగునవన్నియు కలిసి మూడు లక్షలకు పైబడినవి. 1963 జనవరిలో పని ముగించెను. ఆ మార్చిలోనే మృతినొందెను.

ఒక్క విషయమున మాత్రము ఆయన పద్ధతి మాకు సమ్మతము గాదు. కార్డులను జిగురుతో అంటించుటచే వెనుకనున్న వ్రాత చాలవఱకు మఱుగుపడినది. అగ్గిపెట్టెల బొమ్మలను ప్రోగుచేయు మన బాలురు మూలలను మాత్రము పట్టియుంచు కాగితపు చీలికలను వాడుట మేలు. చెదలు, తేమ తగులనిచోట నుంచవలెను. బర్డిక్ ఆల్బములు ఆ మ్యూజియమునందే యున్నవి. బొమ్మలను చూడవచ్చును గాని, వెనుకవైపు చదువగోరువారు మఱియొక ప్రతిని వేఱుచోట వెదకుకొనవలసినదే.