రెండు స్ట్రోకుల పవర్ స్ప్రేయర్లలో ఇంధన ఎంపిక

వీపున మోసే పవర్ స్ప్రేయర్లలో అనేకం రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజన్లతో పనిచేస్తాయి. వీటికి ప్రత్యేకమైన ఆయిలు తొట్టి ఉండదు. పెట్రోలులో కలిపిన 2టి ఆయిలే బేరింగులకు, పిస్టనుకు కందెనగా ఉపయోగపడుతుంది. అందువలన ఇంధన మిశ్రమంలో లోపం జరిగితే పిస్టను పట్టివేసి, పురుగు ఉధృతంగా ఉన్న సమయంలోనే పిచికారీ నిలిచిపోతుంది.

ఆయిలును తయారీదారు సూచించిన నిష్పత్తిలోనే కలపాలి. 25:1 అయితే లీటరు పెట్రోలుకు 40 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. అవసరం. నాలుగు స్ట్రోకుల ఇంజను ఆయిలు దీనికి ప్రత్యామ్నాయం కాదు.

ప్రస్తుతం మన దేశంలో పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ తేమను గ్రహిస్తుంది. నీరు మితిమీరినపుడు ఇథనాల్‌తో కూడి ట్యాంకు అడుగున వేరు పొరగా చేరుతుంది. ఆయిలు పైనున్న పెట్రోలులోనే మిగిలిపోతుంది. ఇంజను అడుగు పొరను పీల్చుకొన్నపుడు దానికి కందెన అందదు.

కావున పనికి సరిపడా మిశ్రమాన్ని మాత్రమే పొడి డబ్బాలో అప్పటికప్పుడు కలుపుకోవాలి. పంటకాలం ముగిసిన పిమ్మట ట్యాంకు ఖాళీచేసి, కార్బురేటరులోని ఇంధనం అయిపోయేవరకు ఇంజను నడపాలి. విస్తరణ శాస్త్రవేత్తలు ప్రదర్శనలలో మందు మోతాదుతో పాటు ఆయిలు కొలతను కూడా రైతులకు చేసి చూపడం అవసరం.