పాత పాటల పెట్టె, కొత్త పాటల పెట్టె

గొంతు మీద చెయ్యి పెట్టి మాట్లాడి చూడండి. వేళ్ళకు అదురు తెలుస్తుంది. ఆ అదురే ధ్వని. గాలి ఆ అదురును మన చెవి దాకా మోసుకొస్తుంది. మాట ఆగితే అదురూ ఆగుతుంది. ఆ అదురును దాచగలిగితే మాటను దాచినట్టే. ఇది మనిషికి ఎలా చేతనయింది? తెలుసుకుందాం.

లక్క పళ్ళెం

1877లో అమెరికాలో ఎడిసన్ అనే ఆయన మాటను దాచి, తిరిగి వినిపించే యంత్రం తయారుచేశాడు. 1887లో బెర్లినర్ అనే ఆయన గుండ్రని పళ్ళెం మీద పాటను దాచాడు. అదే గ్రామఫోను. ఆ పళ్ళెమే రికార్డు.

పాత రికార్డులను లక్కతో చేసేవారు. లక్క గాజులు చూశారు కదా, ఆ లక్కే. రికార్డు మీద సన్నని గాడి ఉంటుంది. గాడిలో ముల్లు నడుస్తుంది. గాడి వంకర్లకు ముల్లు అదురుతుంది. ఆ అదురే పాటై వినిపిస్తుంది. కీ ఇస్తే పళ్ళెం తిరుగుతుంది. కరెంటు అక్కరలేదు. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక వైపు మూడు నాలుగు నిమిషాల పాట పట్టేది. కింద పడితే పగిలేది. 1908లో కలకత్తాలో రికార్డుల ఫ్యాక్టరీ పెట్టారు.

రేడియో

తర్వాత రేడియో వచ్చింది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది. పాత రేడియోలో గాజు బుడ్ల వంటి వాల్వులు ఉండేవి. స్విచ్చి వేశాక అవి వేడెక్కేదాకా ఆగాలి. అప్పుడే మాట వచ్చేది. పెద్ద చెక్క పెట్టె, పెద్ద స్పీకరు. అందుకని గొంతు నిండుగా వినిపించేది.

1947లో ట్రాన్సిస్టరు అనే చిన్న భాగాన్ని కనిపెట్టారు. దానితో రేడియో చేతి సంచిలో పట్టేంత చిన్నదయింది. బ్యాటరీలు వేసుకుని పొలానికి కూడా తీసుకుపోయారు.

క్యాసెట్

1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్ తెచ్చింది. ఇందులో సన్నని రిబ్బను ఉంటుంది. రిబ్బను మీద ఇనుప తుప్పు వంటి మెత్తని పొడి పూస్తారు. టేప్ రికార్డరులోని అయస్కాంతం ఆ పొడిలో ధ్వనిని దాస్తుంది.

అంతకుముందు రికార్డు మీద పెద్ద పాటగాళ్ళ పాటలే ఉండేవి. క్యాసెట్ వచ్చాక ఎవరి గొంతయినా ఇంట్లోనే దాచుకోవచ్చు. దంపుళ్ళ పాట, లాలిపాట, బతుకమ్మ పాట ఎన్నో అలా క్యాసెట్‌లోకి ఎక్కాయి.

కొత్త పెట్టె

ఇప్పటి స్పీకరు అరచేతిలో పడుతుంది. పాటను అంకెలుగా మార్చి దాస్తారు. గోరంత మెమరీ కార్డులో వేల పాటలు పడతాయి. బ్లూటూత్ ఉంటే తీగ లేకుండానే సెల్ ఫోను నుంచి పాట వస్తుంది. ఫోను సుమారు 30 అడుగుల లోపల ఉంటే చాలు. రికార్డు అరిగినట్టు ఈ పాట అరగదు. ఎన్నిసార్లు నకలు తీసినా తగ్గదు.

అయితే దీనికీ లోపాలున్నాయి. పాత టేప్ రికార్డరులో బెల్టు వదులైతే కొత్తది వేయించుకోవచ్చు. చాలా చౌక స్పీకర్లలో బ్యాటరీ లోపల అతికించి ఉంటుంది. కొన్నేళ్ళకు చార్జింగు నిలవదు. బాగుచేసేవాళ్ళు దొరకరు. చిన్న స్పీకరులో గొంతు సన్నగా వస్తుంది. ఇంటర్నెట్టు నుంచి పాట వింటే ఫోనులో డేటా కూడా ఖర్చవుతుంది.

అత్తా కోడళ్ళ మాట

ఒక ఇంటికి పాత సామాన్లు కొనే అతను వచ్చాడు. కోడలు అటక మీది టేప్ రికార్డరు దించింది.

"అత్తయ్యా, ఇది మోగి ఎన్నేళ్ళయిందో. ఇచ్చేద్దామా? కొత్త స్పీకరు కొనుక్కోవచ్చు."

"కొత్తది కొనుక్కోమ్మా, నేను వద్దనను. మరి మా అమ్మ పాడిన క్యాసెట్ దేంట్లో వేస్తావు?"

"పాటలన్నీ ఫోనులో వస్తున్నాయి కదా అత్తయ్యా."

"సినిమా పాటలొస్తాయి. మా అమ్మ పాట వస్తుందా? నా పెళ్ళిలో పాడిన అప్పగింతల పాట అది. ఆవిడ పోయి పదిహేనేళ్ళయింది."

కోడలు మాట్లాడలేదు. పెట్టెను తుడిచి లోపల పెట్టింది. సాయంత్రం దాన్ని మెకానిక్ దగ్గరకు తీసుకెళ్ళింది. బెల్టు మార్చాక అది తిరిగింది.

గొంతును ఎలా కాపాడుకోవాలి?

పాత పెట్టె అమ్మేముందు ఇంట్లో క్యాసెట్లు ఉన్నాయేమో వెతకండి. వాటిని వినిపించే పెట్టె పోతే, క్యాసెట్ ఉన్నా మాట వినలేం.

1. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న రేకలు ఉంటాయి. వాటిని విరిచేయండి. ఇక పొరపాటున దాని మీద వేరే పాట ఎక్కదు.

2. టేప్ రికార్డరులో ముందు అక్కరలేని క్యాసెట్ వేసి చూడండి. అది రిబ్బనును నమలకపోతేనే మీ క్యాసెట్ వేయండి.

3. రిబ్బను వదులైతే చక్రంలో పెన్సిలు పెట్టి మెల్లగా తిప్పండి.

4. క్యాసెట్‌ను చెమ్మ తగిలే చోట, ఎండలో, అయస్కాంతం దగ్గర పెట్టకండి. స్పీకరులో కూడా అయస్కాంతం ఉంటుంది.

5. పాటను ఫోనులోకి ఎక్కించండి. ఫ్యాను ఆపి, తలుపు వేసి, టేప్ రికార్డరు పక్కనే ఫోను పెట్టి రికార్డు చేయవచ్చు. తీగ కలిపి కంప్యూటరులోకి ఎక్కిస్తే ఇంకా బాగుంటుంది.

6. ఫోను పోతే పాటా పోతుంది. కాబట్టి మెమరీ కార్డులో ఇంకో నకలు ఉంచండి. ఎవరు పాడారో, ఏ సంవత్సరమో ఒక కాగితం మీద మీ చేత్తో రాసి దానితో పెట్టండి.

జాగ్రత్త!

వాల్వు రేడియో వెనక అట్ట విప్పకండి. స్విచ్చి కట్టేసినా, ప్లగ్గు తీసినా లోపల కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. షాకు కొడితే ప్రాణం పోవచ్చు. పాడైన చార్జింగు బ్యాటరీని పొయ్యిలో గాని చెత్త మంటలో గాని వేయకండి. అది పేలుతుంది.

జవాబులు రాయండి

1. పాత రికార్డులను దేనితో చేసేవారు?
2. క్యాసెట్‌లో పాట దేని మీద ఉంటుంది?
3. కొత్త స్పీకరులో ఒక మేలు, ఒక లోపం రాయండి.

లెక్క చేయండి

రికార్డుకు ఒక వైపు 3 నిమిషాల పాట పడుతుంది. క్యాసెట్‌లో రెండు వైపులా కలిపి 60 నిమిషాలు. ఒక క్యాసెట్‌లో పట్టే పాటకు రికార్డులు ఎన్ని కావాలి? (రికార్డుకు రెండు వైపులున్నాయి, మరవకండి.)

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో పాత పాటలు వచ్చిన పెద్దవాళ్ళు ఎవరెవరున్నారు? వాళ్ళ గొంతును ఎవరైనా దాచారా?